చెన్నై, బెంగళూరు నీడలు ఒకటే, గడియారాలే వేరు

ఏటా ఏప్రిల్ 24 దగ్గరపడగానే చెన్నైలోనూ బెంగళూరులోనూ డాబాల మీద కర్రలు నిలబడతాయి. ఆ ప్రాంతంలో ఒక మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారు కర్రకు నీడ ఉండదు. ఆగస్టు 18 దరిదాపుల్లో మళ్లీ ఒకసారి. పిల్లలకు ఆకాశాన్ని చూపించడానికి ఇంతకంటే మంచి రోజు దొరకదు. నా అభ్యంతరమల్లా ఆ తర్వాతి మెట్టు మీదే. బెంగళూరులో ఉన్నవాళ్లు చెన్నైలో ఉన్న మేనమామకో పిన్నికో ఫోన్ చేసి, రెండు ఊళ్ల నీడలు పోల్చి భూమి చుట్టుకొలత లెక్క కడదాం అంటారు. ఆ లెక్క రాదు. వచ్చిందంటే ఎక్కడో సర్దారన్నమాట.

కారణం సులువు. చెన్నై అక్షాంశం 13.08 డిగ్రీలు, బెంగళూరుది 12.97. తేడా 0.11 డిగ్రీ, అంటే ఉత్తర దక్షిణాలుగా పన్నెండు కిలోమీటర్లు. మీటరు ఎత్తు కర్రకు ఆ తేడా వల్ల నీడలో వచ్చే మార్పు దాదాపు 2 మిల్లీమీటర్లు. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీకి కొంచెం పైన వెడల్పున్న బింబం. అందుకే మీటరు కర్ర నీడ అంచు 9 మిల్లీమీటర్ల మేర మసకగా ఉంటుంది. తొమ్మిది మిల్లీమీటర్ల మసకలో రెండు మిల్లీమీటర్లు ఎలా వెతుకుతాం? రెండు ఊళ్ల నీడల తేడాతో భూమిని కొలిచిన ప్రాచీన గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ పద్ధతికి ఉత్తర దక్షిణాలుగా దూరంగా ఉన్న రెండు ఊళ్లు కావాలి. చెన్నై, బెంగళూరు తూర్పు పడమరలుగా ఉన్న ఊళ్లు.

అలాగని ఈ రెండు ఊళ్లు పనికిరావని కాదు. భూమిని కొలవడానికి ఇది చక్కని జంటే, నీడ పొడవుతో కాకుండా నీడ వచ్చే వేళతో కొలవాలి. చెన్నై రేఖాంశం 80.27, బెంగళూరుది 77.59. తేడా 2.68 డిగ్రీలు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది కాబట్టి చెన్నైలో మిట్టమధ్యాహ్నమైన 10 నిమిషాల 43 సెకన్లకు బెంగళూరులో అవుతుంది. ఏప్రిల్ 24న చెన్నైలో సుమారు 12:07కి, బెంగళూరులో సుమారు 12:18కి. ఆ 643 సెకన్లే మన కొలత. నీడ పొడవులతోనే చెయ్యాలని పట్టుదల ఉంటే ఫోన్ హైదరాబాద్‌కు చెయ్యండి. బెంగళూరుకూ హైదరాబాద్‌కూ అక్షాంశంలో 4.4 డిగ్రీల తేడా ఉంది, రేఖాంశంలో ఒక డిగ్రీ కూడా లేదు. బెంగళూరులో నీడ మాయమైన రోజున హైదరాబాద్‌లో మీటరు కర్రకు 77 మిల్లీమీటర్ల నీడ పడుతుంది, దాన్ని కొలవచ్చు. చెన్నైవాళ్లకైతే విజయవాడ ఉంది, రేఖాంశం దాదాపు అదే, అక్షాంశంలో దాదాపు మూడున్నర డిగ్రీల తేడా. తెలుగువాళ్ల చుట్టరికాలు ఈ నాలుగు ఊళ్లలోనూ పరుచుకుని ఉంటాయి కాబట్టి మనుషులకు కొదవ లేదు.

వేళతో కొలవడానికి కర్ర అక్కర్లేదు, కర్ర వద్దు కూడా. కర్ర పై కొన ఒక మిల్లీమీటరు పక్కకు ఒరిగితే 3.4 నిమిషాల కోణం (ఇక్కడ నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు) తప్పుతుంది, అది నేల మీద ఆరు కిలోమీటర్ల పైమాటే. కర్రకు బదులు గట్టి అట్టలో 4 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం చేసి, దాన్ని ఏదైనా స్టాండుకు నేలకు సమాంతరంగా బిగించండి, పలక నుంచి రంధ్రానికి సరిగ్గా మీటరు ఎత్తు. రంధ్రం మధ్య నుంచి మేస్త్రీల తూకం గుండు దారంతో దించి, అది తాకే చోట గుర్తు పెట్టండి. అదే కేంద్రం. అక్కడి నుంచి 25, 30, 35, 40 సెంటీమీటర్ల వ్యాసార్ధాలతో నాలుగు వృత్తాలు గీయండి. గీశాక గుండు తీసెయ్యండి. రంధ్రం గుండా వచ్చే వెలుగు పలక మీద సెంటీమీటరుకు కాస్త పైన వెడల్పున్న బిళ్లగా పడుతుంది. ఆ బిళ్లే సూర్యబింబం.

పొద్దున్న పదిన్నర కల్లా సిద్ధంగా ఉండాలి. బిళ్ల పడమటి నుంచి కేంద్రం వైపు జరుగుతూ ఒక్కో వృత్తాన్నీ దాటుతుంది. ఒక్కో వృత్తానికి రెండు వేళలు రాయాలి: బిళ్ల ముందు అంచు గీతను తాకిన క్షణం, వెనక అంచు గీతను వదిలిన క్షణం. రెండింటి సగటే బిళ్ల మధ్యభాగం గీత మీదున్న వేళ. మధ్యాహ్నం అదే బిళ్ల తూర్పు వైపు జరుగుతూ అవే వృత్తాలను వెనక వరసలో దాటుతుంది. ఒక వృత్తానికి పొద్దుటి వేళ, మధ్యాహ్నపు వేళ కలిపి సగం చేస్తే అది మీ స్థానిక మధ్యాహ్నం. నాలుగు వృత్తాలకు నాలుగు జవాబులు వస్తాయి, అవి పది పన్నెండు సెకన్లలోపు కలవాలి. కలవకపోతే పనిముట్టులో దోషం ఉన్నట్టే, సగటు తీసి దాన్ని దాచకూడదు. వృత్తం మీద శంకువు, అంటే నిటారు కర్ర, నీడ దాటే చోట్లు గుర్తుపెట్టి దిక్కులు తేల్చడం మన పాత జ్యోతిష గ్రంథాలవాళ్లకు మామూలు పని. మనం దిక్కుకు బదులు వేళను రాస్తున్నాం, అంతే తేడా.

ఈ పద్ధతిలో అన్నిటికన్నా పెద్ద శత్రువు డాబా. వాన నీళ్లు పోవడానికి మన డాబాలన్నీ వాలుగా వేస్తారు, మీటరుకు సెంటీమీటరు వాలు ఉండటం మామూలే. ఆ వాలు తూర్పు పడమరలుగా ఉంటే 40 సెంటీమీటర్ల వృత్తం దగ్గర బిళ్ల పొద్దున్న 1.6 మిల్లీమీటర్లు కేంద్రానికి దూరంగానో దగ్గరగానో, మధ్యాహ్నం అంతే దానికి తలకిందులుగా తప్పుతుంది. బిళ్ల అక్కడ నిమిషానికి దాదాపు 5 మిల్లీమీటర్లు జరుగుతుంది, కాబట్టి తప్పు 20 సెకన్లు. పొద్దునా మధ్యాహ్నమూ వేళలు రెండూ ఆలస్యంగానో రెండూ ముందుగానో వస్తాయి, సగటు తీసినా ఆ తప్పు పోదు. ఒక సెకను 13 డిగ్రీల అక్షాంశం దగ్గర 452 మీటర్లకు సమానం. ఇరవై సెకన్లంటే తొమ్మిది కిలోమీటర్లు, మొత్తం కొలతలో మూడు శాతం. గచ్చు మీద నేరుగా గీయకుండా ప్లైవుడ్ పలకో గ్రానైటు పలకో వేసి, కింద చీలికలు దూర్చి, రసమట్టం రెండు దిక్కులా పెట్టి బుడగ మధ్యకు వచ్చేదాకా సర్దాలి. గంటకోసారి మళ్లీ చూడాలి, ఎండకు ప్లైవుడ్ వంగుతుంది.

సూర్యుడు ఏప్రిల్‌లో రోజురోజుకూ ఉత్తరానికి జరుగుతుంటాడు కదా, పొద్దుటికీ మధ్యాహ్నానికీ తేడా రాదా అని లెక్క తెలిసినవాళ్లు అడుగుతారు. వస్తుంది. కానీ సూర్యుడు నడినెత్తి మీదుగా వెళ్లే రోజున అది సెకనులో చిన్న భాగం. పైగా రెండు ఊళ్లలోనూ ఒకే దిశలో ఉంటుంది, తేడా తీసినప్పుడు కొట్టుకుపోతుంది. గడియారం సంగతీ అంతే: ఫోన్ నెట్‌వర్క్ వేళనే ఇద్దరూ వాడితే చాలు. చేతి గడియారాలైతే ముందు రోజు రాత్రీ మర్నాడు రాత్రీ ఒకదానితో ఒకటి సరిచూసుకోవాలి.

ఇంకొకటి, ఊరి పేరు స్థానం కాదు. బెంగళూరు అంటే వైట్‌ఫీల్డా, కెంగేరినా? ఆ రెండింటి మధ్య మధ్యాహ్నం ఒక నిమిషానికి పైగా తేడా వస్తుంది. చెన్నైలో మెరీనా ఒడ్డుకూ పూనమల్లికీ నలభై సెకన్ల పైమాటే. ఏ వీధిలో కొలిచారో రాయని కాగితానికి విలువ లేదు. శ్రద్ధగా చేస్తే ఒక్కో ఊరి మధ్యాహ్నం నాలుగైదు సెకన్ల తప్పుతో తేలుతుంది, రెండు ఊళ్ల తేడాలో ఆరు సెకన్ల తప్పు, అంటే 643లో ఒక శాతం. ఇంట్లో ఉన్న సామానుతో ఒక శాతం రావడం గొప్ప సంగతి.

కోణం దొరికింది. ఇక దూరం కావాలి. ఈ ప్రయోగాలన్నీ చెడిపోయేది ఇక్కడే.

అందరూ ఫోన్ తీసి మ్యాప్‌లో రెండు ఊళ్ల మధ్య సరళరేఖ దూరం చూస్తారు. 290 కిలోమీటర్లు అని వస్తుంది. దాన్ని 643తో భాగించి, రోజులోని 86,400 సెకన్లతో గుణించి, 13 డిగ్రీల కొసైను 0.9744తో భాగిస్తారు. 39,990 కిలోమీటర్లు. చప్పట్లు. కానీ ఆ 290 ఎక్కడి నుంచి వచ్చింది? ఫోను తన దగ్గరున్న అక్షాంశ రేఖాంశాలను తీసుకుని, భూమి వ్యాసార్ధం ఇంత అని ముందే పెట్టుకుని, ఆ రెంటితో దూరం లెక్క కట్టింది. మనం ఆ దూరాన్ని తీసుకుని వ్యాసార్ధాన్ని తిరిగి రాబట్టాం. పెట్టినదే తీశాం. ఇది భూమిని కొలవడం కాదు. ఫోన్‌లో పెట్టిన సంఖ్యను గుండ్రంగా తిప్పి చదవడం. ఈ మాట పిల్లలకు దాచి ప్రయోగం చేయించడం నాకు తప్పుగా తోస్తుంది. కొలత అంటే ఏమిటో నేర్పాల్సిన చోటే కొలత కానిదాన్ని నేర్పుతున్నాం.

పోనీ రోడ్డు దూరం వాడితే? చెన్నై నుంచి బెంగళూరుకు హైవే మీద సుమారు 345 కిలోమీటర్లు. పెట్టి చూడండి, చుట్టుకొలత 47,500 దాటుతుంది. పంతొమ్మిది శాతం తప్పు. రైలు దారి ఇంకా పొడవు, 360 పైచిలుకు. నీడను మిల్లీమీటర్లలో కొలిచి దూరాన్ని ఇలా వదిలేస్తే శ్రమంతా వృథా.

పోనీ చిన్న దూరాన్ని టేపుతో మనమే కొలిచి, దాని రెండు చివరల్లో సూర్యుణ్ణి చూస్తే? పది కిలోమీటర్ల దూరానికి సూర్యుడి కోణంలో వచ్చే తేడా ఐదున్నర నిమిషాలు. మన బిళ్ల మధ్యను గుర్తించడంలో ఒక మిల్లీమీటరు తప్పితేనే 3.4 నిమిషాలు పోతాయి. కోణం బాగా తేలాలంటే దూరం వందల కిలోమీటర్లు ఉండాలి, దూరం బాగా తేలాలంటే అది గొలుసు పరిచేంత చిన్నదిగా ఉండాలి. భూమిని కొలిచే పని మొత్తం ఈ పేచీ చుట్టూనే తిరిగింది. పరిష్కారం త్రిభుజాలు: ఒక చిన్న గీతను ప్రాణం పెట్టి కొలవడం, ఆ తర్వాత కోణాలు మాత్రమే కొలుస్తూ ఒక త్రిభుజం భుజం మీద ఇంకో త్రిభుజాన్ని కట్టుకుంటూ వందల కిలోమీటర్లు పోవడం.

మన దేశంలో ఆ చిన్న గీత చెన్నైలోనే ఉంది. 1802 ఏప్రిల్ 10న బ్రిటిష్ సైనికాధికారి, సర్వేయరు విలియం లాంబ్టన్ సెయింట్ థామస్ మౌంట్ దగ్గర, అంటే పరంగిమలై దగ్గర, మొదలుపెట్టి దక్షిణాన పెరుంబాక్కం గుట్ట వైపు దాదాపు ఏడున్నర మైళ్ల ఆధారరేఖను కొలిచాడు. సాధనం నూరడుగుల ఉక్కు గొలుసు, రెండున్నర అడుగుల లంకెలు నలభై. నాలుగు వందల సార్లు పరవాలి. నేల మీద పరిస్తే కుంగుతుంది, వంకర పోతుంది. అందుకని ముక్కాలి పీటల మీద చెక్క తొట్లు వరసగా అమర్చి, మరలతో ఎత్తు సర్ది, ఆ తొట్లలో గొలుసును పరిచి, చివర బరువు కట్టి బిగలాగారు. తొట్లలో థర్మామీటర్లు పెట్టారు. రెండో గొలుసును వాడకుండా పక్కన ఉంచి, వాడుతున్నది ఎంత సాగిందో దానితో సరిచూశారు.

థర్మామీటర్లు ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. ఉక్కు ఒక సెంటీగ్రేడు డిగ్రీకి లక్షలో ఒక వంతుకు కాస్త పైన సాగుతుంది. గొలుసు ప్రమాణం 62 ఫారెన్‌హీట్ డిగ్రీల దగ్గర, అంటే 17 సెంటీగ్రేడు లోపు. చెన్నై ఏప్రిల్ ఎండలో 20 డిగ్రీలు ఎక్కువ ఉందనుకుంటే ఒక్కో గొలుసు 7 మిల్లీమీటర్లు సాగుతుంది. నాలుగు వందల గొలుసులకు 2.8 మీటర్లు. వేడిని లెక్కలోకి తీసుకోకపోతే పన్నెండు కిలోమీటర్ల గీతలో దాదాపు మూడు మీటర్లు పోయేవి, దాని మీద కట్టిన త్రిభుజాలన్నీ అదే నిష్పత్తిలో చెడేవి.

లాంబ్టన్‌ను నేను అమితంగా గౌరవించేది ఆ గొలుసు పనికన్నా 1804లో జరిగిన పనికి. చెన్నై గీత నుంచి త్రిభుజాలు కట్టుకుంటూ బెంగళూరు దాకా వచ్చి, ఫలానా రెండు బిందువుల మధ్య దూరం ఇంత ఉండాలి అని లెక్కతో తేల్చి, అప్పుడు బెంగళూరులో ఆ దూరాన్ని మళ్లీ గొలుసుతో కొలిపించాడు. దాదాపు ఏడున్నర మైళ్ల గీతలో లెక్కకూ గొలుసుకూ నాలుగు అంగుళాల లోపే తేడా వచ్చింది. ఆ పోలికకు ముందు ఇంకో దిద్దుబాటు కావాలి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ రెండు నిట్టనిలువు గీతల మధ్య దూరం సముద్రమట్టం దగ్గరకన్నా ఎక్కువ. పన్నెండు కిలోమీటర్లకు 1.7 మీటర్లు తీసెయ్యాలి. అలా ఒక పనిని రెండో దారిలో చేసి, తేడా ఎంతో అచ్చువేసి చెప్పడమే కొలత. తర్వాత గుత్తి దగ్గరా ఇంకొన్ని చోట్లా ఇలాంటి సరిచూపు గీతలు కొలిచారు. ఆయన కొలతల వల్లే మద్రాసు నుంచి మంగళూరు దాకా ద్వీపకల్పం వెడల్పు అప్పటి మ్యాపుల్లో ఉన్నదానికన్నా దాదాపు 40 మైళ్లు తక్కువని బయటపడింది. పాత మ్యాపులు నడక దూరాల మీద కట్టినవి.

మన చేతిలో కోణాలు కొలిచే థియోడొలైట్ లేదు, త్రిభుజాలు కట్టలేం. అయినా భూమి సైజును అరువు తెచ్చుకోకుండా దూరం రాబట్టే దారి ఒకటుంది. చెన్నై–బెంగళూరు హైవేను ముక్కలుగా కొలవండి. కారు ఓడోమీటరు చదవండి, రోడ్డు దిక్కు మారిన ప్రతిచోటా ఆగి మంచి దిక్సూచితో దిక్కు రాయండి. ముప్పై నలభై ముక్కలు వస్తాయి. ఒక్కో ముక్క దూరాన్ని తూర్పు పడమర భాగంగానూ ఉత్తర దక్షిణ భాగంగానూ విడగొట్టి, తూర్పు పడమర భాగాలు మాత్రం కూడండి. మన పద్ధతికి కావలసింది అదే. శ్రీపెరుంబుదూరు నుంచి వేలూరు దాకా రోడ్డు మొత్తమ్మీద పడమటికే పోతుంది, అక్కడ దిక్కు రెండు డిగ్రీలు తప్పినా దూరం పెద్దగా చెడదు. వేలూరు నుంచి ఆంబూరు, వాణియంబాడి మీదుగా కృష్ణగిరికి నైరుతిగా దిగి, అక్కడి నుంచి హోసూరుకు వాయవ్యంగా ఎక్కుతుంది. ఆ మూల ముక్కల్లో ఒక డిగ్రీ తప్పు ఒక శాతం దాకా పోగొడుతుంది. అక్కడ ఎక్కువ సార్లు ఆగండి.

దిక్సూచిని కారులో చదవకండి, ఇనుము లాగేస్తుంది. దిగి పది అడుగుల అవతల నిలబడి, కరెంటు తీగల కిందా వంతెన మీదా కాకుండా చదవాలి. ఈ ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా రెండు డిగ్రీల లోపే, అయినా దాన్ని దిద్దాలి. ఓడోమీటరును నమ్మకండి. టైరు అరిగితే చుట్టుకొలత తగ్గి ఎక్కువ చూపిస్తుంది. హైవే కిలోమీటరు రాళ్ల మధ్య ఇరవై కిలోమీటర్లు నడిపి ఎంత శాతం ఎక్కువ తక్కువ చూపుతోందో ముందే తేల్చుకోండి. ఇంత చేసినా రెండు శాతం తప్పు ఉంటుంది. వేళలో ఒక శాతం, దూరంలో రెండు శాతం కలిస్తే చుట్టుకొలత 40,000కు అటూ ఇటూ 900 కిలోమీటర్లు. ఈ జవాబు ఫోన్ దూరంతో వచ్చిన 39,990 కన్నా ఎంతో విలువైనదని నా గట్టి నమ్మకం, ఎందుకంటే ఇది నిజంగా భూమి నుంచి వచ్చింది.

ఆర్యభటుడు భూమి చుట్టుకొలతను ఒక శాతం లోపు తప్పుతో చెప్పాడని తరచూ వింటాం. ఆయన చెప్పింది వ్యాసం 1,050 యోజనాలు, యోజనం అంటే 8,000 మనుషుల నిలువు. మనిషి నిలువు ఒకటిన్నర మీటరనుకుంటే వ్యాసం 12,600 కిలోమీటర్లు, 1.8 అనుకుంటే 15,120. అసలు విలువ 12,742. మనకు నచ్చిన నిలువును ఎంచుకుని, వచ్చిన సంఖ్యను ఆయన ఖచ్చితత్వంగా చూపించడం ఫోన్ దూరం వాడటం లాంటి తప్పే. ఎరటోస్తనీస్‌కూ ఇదే వర్తిస్తుంది, ఆయన వాడిన గ్రీకు దూరప్రమాణం స్టేడియం 157 మీటర్లో 185 మీటర్లో అన్నదాన్ని బట్టి జవాబు 39,000 నుంచి 46,000 దాకా మారుతుంది. ఇద్దరి ఆలోచనా గొప్పదే. ప్రమాణం పొడవు తెలియనప్పుడు శాతాలు చెప్పకూడదు, అంతే. ఆర్యభటుణ్ణి మెచ్చుకోవడానికి భూమి తన చుట్టూ తాను తిరుగుతోందని 499లో రాసిన మాట ఒక్కటే చాలు.

మళ్లీ వేళ దగ్గరికి. చెన్నై నుంగంబాక్కంలో వాతావరణ కేంద్రం ఆవరణలో 1792 నాటి మద్రాసు నక్షత్రశాల గ్రానైటు స్తంభం ఇప్పటికీ ఉంది, దాని మీద లాటిన్, తమిళంతో పాటు తెలుగులోనూ రాశారు. మన దేశపు మ్యాపులకు రేఖాంశం ఆ నక్షత్రశాల నుంచే వచ్చింది. అక్షాంశం కావాలంటే నక్షత్రం ఎత్తు కొలిస్తే చాలు, ఇంకెవరితోనూ పని లేదు. రేఖాంశానికి గ్రీనిచ్‌లో ఇప్పుడు గంట ఎంతో ఇక్కడ తెలియాలి. తంతి లేని రోజుల్లో గురుగ్రహపు ఉపగ్రహాలు గ్రహణంలోకి పోయే క్షణాన్ని రెండు చోట్లా చూసి పోల్చేవారు. ఉపగ్రహం ఒక్క క్షణంలో ఆరిపోదు, మెల్లగా మసకబారుతుంది. చిన్న దూరదర్శినిలో ముందే మాయమవుతుంది, పెద్దదానిలో కాస్త తర్వాత. గాలిలో తేమను బట్టీ మారుతుంది. అలా పేరుకున్న తప్పు చివరికి సర్వే మ్యాపుల్లో పది సెకన్ల దాకా మిగిలిపోయింది. కోణంలో 2 నిమిషాల 27 సెకన్లు, నేల మీద చెన్నై దగ్గర 4.4 కిలోమీటర్లు. దేశం మొత్తం మ్యాపు మీద అంత తూర్పుకు జరిగి కూర్చుంది. తంతి వచ్చాక అసలు విలువ 80 డిగ్రీల 14 నిమిషాల 47 సెకన్ల దగ్గర తేలింది. అప్పుడూ ఊళ్ల మధ్య దూరాలు మాత్రం చెడలేదు, ఎందుకంటే అవి త్రిభుజాల నుంచి వచ్చాయి, మొత్తం చట్రం ఒకేసారి పక్కకు జరిగింది. చట్రం లోపల సరిగ్గా ఉండటం వేరు, చట్రం భూగోళం మీద సరైన చోట ఉండటం వేరు. ఈ భేదం తెలియకే ఈ రోజుకూ జనం పాత మ్యాపులతో పొరబడుతున్నారు.

బెంగళూరులో పోయిన చెరువులను వెతికేవాళ్లకు ఇది నేరుగా తగిలే సంగతి. పాత సర్వే టోపోషీటును, అంటే సర్వే శాఖ వివరంగా గీసిన మ్యాపు కాగితాన్ని, స్కాన్ చేసి, దాని మూలల్లో రాసిన అక్షాంశ రేఖాంశాలను అలాగే తీసుకుని ఉపగ్రహ చిత్రం మీద పరుస్తారు. చెరువు గట్టు ఎవరి అపార్టుమెంటు మీదో పడుతుంది, గొడవ మొదలవుతుంది. పాత షీట్లు ఎవరెస్టు 1830 గోళాభం మీద కట్టినవి (గోళాభం అంటే మ్యాపుల లెక్కకు భూమి బదులు వాడే, ధ్రువాల దగ్గర కాస్త నొక్కిన గోళం). దాని భూమధ్యరేఖా వ్యాసార్ధం 6,377,276 మీటర్లు. ఫోన్లూ ఉపగ్రహ చిత్రాలూ వాడే డబ్ల్యూజీఎస్ 84లో అది 6,378,137. ఎనిమిది వందల అరవై మీటర్ల తేడా ఉండటమే కాదు, రెండు గోళాభాల కేంద్రాలు కూడా ఒకచోట లేవు. ఎవరెస్టు గోళాభాన్ని మన దేశానికి బాగా అతుక్కునేలా మధ్యప్రదేశ్‌లోని కళ్యాణ్‌పూర్ దగ్గర బిగించారు, రెండోది భూమి ద్రవ్యరాశి కేంద్రానికి బిగించి ఉంది. అందువల్ల బెంగళూరు దగ్గర అవే అంకెలు నేల మీద సుమారు 200 మీటర్ల ఎడంగా ఉన్న రెండు చోట్లను చూపిస్తాయి. రెండు వందల మీటర్లంటే ఒక చిన్న చెరువు మొత్తం.

ఎత్తుల్లో వచ్చే చిక్కు ఇంకా వింతగా ఉంటుంది. మెరీనా ఒడ్డున కొన్ని జీపీఎస్ పరికరాలు మైనస్ 90 మీటర్ల చేరువలో ఎత్తు చూపిస్తాయి. పరికరం చెడిపోలేదు. దక్షిణ భారతం, శ్రీలంక, వాటి దక్షిణాన ఉన్న సముద్రం ప్రాంతంలో భూమి ఆకర్షణ తక్కువగా ఉండి సముద్రమట్టమే గోళాభం కన్నా కిందికి కుంగి ఉంది. బెంగళూరులో ఆ తేడా 86 మీటర్ల దరిదాపు. మామూలు ఫోన్లు చాలావరకు దీన్ని దిద్ది చూపిస్తాయి, ముడి ఎత్తు ఇచ్చే పరికరాలు దిద్దవు. కాలువల వాలు లెక్కకట్టేవాళ్లు ఒక చోట దిద్దిన ఎత్తూ ఇంకో చోట ముడి ఎత్తూ కలిపితే నీళ్లు ఎదురెక్కుతాయి.

పాత షీటును సరిగ్గా కూర్చోబెట్టాలంటే మూలల అంకెలు వదిలేసి, షీటులోనూ నేల మీదా ఇప్పటికీ కదలకుండా ఉన్న గుర్తులు పట్టుకోండి. పాత గుడి గోపురం, రైలు పట్టాలను రోడ్డు దాటే చోటు, లాల్‌బాగ్ బండ మీది కెంపేగౌడ బురుజు లాంటివి పనికొస్తాయి. చెరువు గట్టునూ రోడ్డు మలుపునూ గుర్తుగా తీసుకోవద్దు, వాటిని జరుపుతారు, మనం వెతుకుతున్నదీ అవే. కనీసం ఆరు గుర్తులు, షీటు నాలుగు మూలలకూ పరుచుకుని ఉండాలి, ఒక పక్కనే పోగుపడకూడదు. నాలుగింటితో షీటును కూర్చోబెట్టి, మిగిలిన రెండింటి దగ్గర ఎంత తప్పుతోందో మీటర్లలో కొలవండి. యాభై వేలలో ఒక వంతు స్కేలు షీటు మీద అర మిల్లీమీటరు గీతే నేల మీద 25 మీటర్లు, కాబట్టి ఆ రెండు గుర్తుల దగ్గర 25 నుంచి 40 మీటర్ల తప్పు వస్తే షీటు ఇవ్వగలిగింది ఇచ్చినట్టే. ఆ సంఖ్యను మ్యాపు మూలన రాసి, చెరువు హద్దు గీతను సన్నగా కాకుండా అంత వెడల్పు పట్టీగా గీయండి.